కమ్మికి బెత్తెడు కింద

తొంభై ఒకటో ఏడు, మృగశిర కార్తె

ఈ కార్తెకి వలలో తొమ్మిది దుప్పులు పడ్డాయి. ఆరు పెంట్లు, మూడు పోతులు. కొలిచి అన్నింటినీ వదిలేశాను, ఒక్కదాన్ని తప్ప. దానికి ముందుకాలు విరిగింది. మెడ విరిచి వంటకి పంపాను. ఏడ్చేవాళ్ళు ఏడవచ్చు. విరిగిన కాలు అతుక్కునేదాకా కూర్చోబెట్టి మేపే భాగ్యం మిట్టమీద మనుషులకే లేదు, దుప్పికి ఎక్కడిది?

పెద్ద పెంటి భుజం దగ్గర మూరెడు పైన జానెడు ఉంది. నిరుడూ అంతే. మా అమ్మ ఈ కొలతల పని చేసిన రోజుల్లోనూ అంతే. లోయని రెండుగా చీల్చిన గోడకి అవతల, ఏటివైపు పెంటి నిండా రెండు మూరలుంటుంది. తొంభై ఏళ్ళ కింద బయట గాలి చెడి, లోయ మీద కప్పు కట్టినప్పుడు ఒకే బోనులోంచి వదిలిన మంద ఇది. సగం గోడకి అటు పడ్డాయి, సగం ఇటు పడ్డాయి. అటు పడ్డవాటికి గరిక, మేడిపళ్ళు, తియ్యటి నీళ్ళు. ఇటు పడ్డవాటికి రేగుముళ్ళు, బలుసాకు, బోరునీళ్ళు. ఆ బోరునీళ్ళు తాగితే ముందు పళ్ళకి గార పడుతుంది, తర్వాత మోకాళ్ళు వంకరపోతాయి, ముప్పై దాటాక నడుం వంగుతుంది. నా నడుం ఇప్పటికే నేలకేసి చూస్తోంది.

గోడకి ఒకటే గుమ్మం. గుమ్మానికి అడ్డంగా పైన ఇనప కమ్మి. పదహారు నిండిన మిట్ట పిల్లలు దాని కింద నడవాలి. తల కమ్మికి తగిలితే లోపల పీట వేసి కూర్చోబెట్టి గ్లాసుడు ఏటినీళ్ళిస్తారు. ఇక ఆ బిడ్డ ఏటివైపు మనిషి. తగలకపోతే వచ్చిన దారినే వెనక్కి. పూర్వం బయటికి వెళ్ళేవాళ్ళకి గుమ్మం తలకి తగిలితే అపశకునమని కాసేపు కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి పంపేవాళ్ళట. ఆ ఆచారమే మా దగ్గరికొచ్చి ఇలా తిరగబడింది. ఏటి పైపుల చక్రాలు తిప్పాలంటే ఆ పొడుగు కావాలని ఏటివైపు వాళ్ళ వాదన. ముక్కాలిపీట వేసుకుంటే అందవా అని ఒకసారి అడిగాను. కట్టుబాటు తెలియని మనిషినన్నారు.

మా సుంకికి ఇప్పుడు పదమూడు. మాంసం వంతు ఇవ్వడానికి వెళ్ళినప్పుడల్లా కమ్మి కింద నిలబడి మునివేళ్ళ మీద లేస్తుంది. ఇంకా జానెడు దూరం. నాకున్నది అదొక్కతే బిడ్డ. దాని నడుం నాలాగా వంగకూడదు. నాకు వేరే కోరికలేమీ లేవు.

అదే ఏడు, ఆరుద్ర కార్తె

ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం ఉండదని సామెత. ఏటివైపు పైపులు విప్పి వాన కురిపించుకున్నారు. చప్పుడు గోడకి ఇవతలికి బాగానే వినబడింది. మా దారిద్ర్యం మాత్రం ఎక్కడికీ పోలేదు.

రెండు దుప్పుల్ని కోసి గుమ్మానికి తీసుకెళ్ళాం. ప్రతి కార్తెకీ అది మేము కట్టాల్సిన వంతు. తీసుకోవడానికి ఏటిపెద్ద మద్దిలేటి స్వయంగా వచ్చాడు. గింజల వంతు కోసం మిట్ట జనమంతా వరసలో నిలబడి ఉన్నారు. వాళ్ళందరూ చూస్తుండగా దుప్పిని ఒంటిచేత్తో పైకెత్తాడు.

"ఏమ్మే ఓబులమ్మా, ఇది దుప్పా, కుందేలా?"

"మీ గడ్డి తింటే దుప్పి, మా ముండ్లు తింటే కుందేలు, మద్దిలేటన్నా."

"గడ్డిదేముంది మే! విత్తు. అంతా విత్తులో ఉంటాది. చింతగింజ నాటి మామిడికాయ కోయాలంటే యాడ కుదురుతాది? మిట్టది పొట్టి విత్తు. దుప్పులైనా అంతే, మనుషులైనా అంతే."

ఆ ఆఖరిమాట అంటూ సుంకి వైపు చూశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"విత్తు ఒకటే అన్నా. చోటు తేడా. మా మిట్ట దుప్పి పిల్లని ఒకదాన్ని ఇస్తా. మీ గడ్డి పెట్టు, మీ నీళ్ళు పెట్టు. పెరిగిందంటే ఏం చేస్తావ్?"

"మిట్ట పిల్ల ఏటిమేతకి పెరిగితే మిట్ట పిల్లలకి కమ్మి ఎత్తేస్తా. పో."

జనం ముందు అన్నాడు. గుమ్మం కాపలావాడు కంబగిరి, గింజల వరస మొత్తం విన్నారు. ఏటివైపు కాన్పులు తగ్గిపోయాయని, చక్రాల దగ్గర మనుషులు చాలడం లేదని మాకు తెలుసు. అందుకే పందేనికి ఒప్పుకున్నాడు. ఓడినా వాడికేం నష్టం లేదు. నాకది అప్పుడు తట్టలేదు. పొట్టివాళ్ళకి పుట్టెడు బుద్ధులంటారు. కోపం వచ్చినప్పుడు ఒక్కటీ అక్కరకి రాదు.

అదే ఏడు, హస్త కార్తె

పాలు మరిచే ఈడు పిల్ల కావాలని వారం పాటు పొదలన్నీ వెదికాం. రేగుపొద కింద దొరికింది. పెంటిపిల్ల, మచ్చలింకా తెల్లగా ఉన్నాయి. సుంకి ఎత్తుకుంటే ముడ్డి ఎముకలు దాని చేతికి గుచ్చుకున్నాయి. తల్లి మాత్రం పొద వదిలి పోలేదు. వల మీదికి దూకి చిక్కుకుని కాలు మెలిపెట్టుకుంది. నేను చేయాల్సింది చేశాను. ఆ పూట మిట్టంతా పులుసన్నం తిన్నారు. సుంకి తినలేదు.

"నీ కోసమే మే ఇదంతా," అన్నాను.

"నాకు తెల్సులేమా," అంది. దుప్పిపిల్లకి రేగి అని పేరు పెట్టింది. తినే జంతువుకి పేరు పెట్టకూడదని దానికి ఎన్నిసార్లు చెప్పానో.

రేగిని గుమ్మానికి లోపలే జాలీ దొడ్డిలో పెట్టారు. మేత వేసేది కంబగిరి. కార్తెకొకసారి నేను లోపలికి వెళ్ళి కొలవొచ్చు. సుంకి జాలీకి ఇవతలే ఉండి వేళ్ళు దూర్చి మెడ గోకొచ్చు. ఏటివైపు నేల మీద నా కాలు పడటం ఇదే మొదలు. మెత్తగా ఉంది. ఎందుకో భయమేసింది.

తొంభై రెండో ఏడు, మృగశిర కార్తె

రేగి ఒళ్ళు చేసింది. బొచ్చు నిగనిగలాడుతోంది, డొక్కలు పూడుకున్నాయి. ఎత్తు మాత్రం ఎదగలేదు.

నాలుగుసార్లు కొలిచాను. మూరెడు పైన జానెడు, దానిమీద రెండు వేళ్ళు. గడ్డి, మేడిపళ్ళు, తియ్యటి నీళ్ళు, అన్నీ తిని తాగి అది సంపాదించింది రెండు వేళ్ళ ఎత్తు. పక్క దొడ్డిలో దాని ఈడు ఏటిపిల్ల దీని వీపు మీదుగా చూస్తోంది.

మద్దిలేటి నలుగురిని వెంటబెట్టుకొచ్చాడు.

"ఏమైందమ్మే నీ చోటు? ఏడాది మేత దండగ. దీన్ని కోసినా నా మేత నాకు రాదు."

వెనకున్నవాళ్ళు పగలబడి నవ్వారు. ఎవడో "లావు కుందేలు" అన్నాడు. దొడ్డి తలుపు వేసి బయటికొచ్చాను.

తిరిగొస్తుంటే సుంకి అడిగింది, "అంటే ఆయప్ప చెప్పిందే నిజమా? మన విత్తే పొట్టిదామా?"

చెంప పగలగొట్టాను. దాని తప్పేముంది? అయినా కొట్టాను. కొట్టి, దారి పక్కన కూర్చుని దానికంటే ఎక్కువసేపు ఏడ్చాను.

అదే ఏడు, పుబ్బ కార్తె

వల దగ్గర కూర్చుంటే రేగి తల్లి గుర్తొచ్చింది. ఆ రోజు దాన్ని కోసినప్పుడు ఎముకల్లో మూలగ ఎర్రగా, నీళ్ళలా ఉంది. చిక్కిపోయిన దుప్పికి అలాగే ఉంటుంది. రేగి దాని కడుపులో పెరిగింది, దాని పాలే తాగింది. పుట్టకముందే దాని ఎత్తు తేలిపోయింది. ఆ తర్వాత ఎంత మేత పెడితే మాత్రం ఏం లాభం?

ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అంటారు. తల్లి గట్టున మేసిందంటే దూడని చేలోకి తోలినా కడుపులో ఉన్నది గట్టే. కానీ ఆ దూడ చేలోనే పెరిగి ఈనితే? దాని దూడ సంగతేమిటి?

మద్దిలేటి దగ్గరికి వెళ్ళి కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. "రేగిని కోయొద్దన్నా. దీని తల్లి మిట్టమీద మేసింది, అందుకే ఇది పెరగలే. అది ఈననీ. దాని పిల్లని చూడు. అదీ పెరగకుంటే నన్ను కోయి."

"నీకు మాంసం యాడుంది మే!" అని నవ్వాడు. కానీ ఒప్పుకున్నాడు.

పోతు మాత్రం మా మిట్టదే కావాలని పట్టుబట్టాను. ఏటిపోతుని కలిపితే రేపు పిల్ల పెరిగినా అది ఏటి విత్తు అనేస్తారు. మిట్టమీద ఉన్నవాటిలో అన్నిటికంటే పొట్టి పోతుని వల వేసి పట్టి దొడ్డిలో తోలాను. దాన్ని చూసి కంబగిరికి నవ్వాగలేదు. "పెండ్లికొడుకు ముక్కాలిపీట తెచ్చుకున్నాడామ్మా?" అన్నాడు. నవ్వుకోనీ.

అదే ఏడు, మూల కార్తె

జాలీ దగ్గర్నించి సుంకి పరిగెత్తుకుంటూ వచ్చింది. "అమా, రేగి నీళ్ళోసుకునింది!"

దుప్పి చూలుతో ఉందనాలి, నీళ్ళోసుకుందనేది మనుషులకి అని చెప్పాను. "రేగి మనిషి కాకుంటే ఇంకెవరు?" అంది. అవును, అది ఎదిగితే సుంకి ఎదిగినట్టు, అది ఓడితే సుంకి ఓడినట్టు అని మేమే అనుకున్నాం కదా. కట్టు తప్పిన ఆలోచనేనేమో.

తొంభై మూడో ఏడు, పునర్వసు కార్తె

రేగి ఈనింది. పెంటిపిల్ల. తడి ఆరకముందే కొలిచాను. మిట్టమీద నేను చూసిన ఏ పిల్లకీ ఇంత పొడుగు కాళ్ళు లేవు. కంబగిరి కూడా నోరెళ్ళబెట్టాడు. నడక చూసి సుంకి దీనికి దొరసాని అని పేరు పెట్టింది.

ఈ మధ్య పొద్దున్నే లేవగానే సుంకి మోకాళ్ళు పట్టుకుని కూర్చుంటోంది. అడిగితే నిద్ర తిమ్మిరంటోంది. నాకు తెలియని తిమ్మిరా అది? నాకూ అలాగే మొదలైంది. బోరునీళ్ళు కాచి, బట్టలో వడగట్టి ఇస్తున్నాను. కాస్తే పోయే జబ్బయితే మిట్టమీద ఎవరికీ ఉండేది కాదు. ఇంకో ఏడు ఓర్చుకోమని దాని మోకాళ్ళకి చెప్తున్నాను.

తొంభై నాలుగో ఏడు, రోహిణి కార్తె

రోహిణికి రోళ్ళు పగులుతాయంటారు. ఈ రోజు పగిలింది మద్దిలేటి విత్తు.

దొడ్డి చుట్టూ రెండువైపుల జనం. దొరసానిని పట్టుకోవడానికి ముగ్గురు కావాల్సొచ్చింది. నేను కొలవలేదు. నా చెయ్యి పొట్టిదంటారని మద్దిలేటి చేతే కొలిపించాను. రెండు మూరలకి రెండు వేళ్ళు తక్కువ. ఇంకా పెరిగే ఈడే. తల్లి రేగి దాని భుజం దాకా కూడా రావడం లేదు. తల్లీ మిట్టదే, తండ్రీ మిట్టవాడే.

మద్దిలేటి మరోసారి కొలిచాడు. దొరసాని వీపు నిమిరాడు. తర్వాత అందరికీ వినబడేలా అన్నాడు, "ఓబులమ్మ గెల్చింది. విత్తు కాదు, చోటే. నేనే తప్పు."

మిట్ట జనం ఈలలు వేశారు. నన్ను భుజాల మీద ఎత్తుకున్నారు. నా వంగిన నడుంతో అంత ఎత్తునుంచి గోడకి అవతలి ఏరు మొదటిసారి నిండుగా చూశాను. సుంకి కింద నిలబడి రెండు చేతులూ ఊపింది. దానికి పదహారు నిండటానికి ఇంక ఒక్క కార్తె ఉంది. ఇంత సంతోషం నాకు ఎప్పుడూ లేదు. రాసి పెడుతున్నాను, తర్వాత నమ్మనేమోనని.

అదే ఏడు, మృగశిర కార్తె

సుంకికి తలంటి పోశాను. ఉతికిన పావడా కట్టాను. గుమ్మం దాకా చెయ్యి పట్టుకుని నడిపించాను.

లోపల పీట వేసి ఉంది. గ్లాసు నిండా నీళ్ళున్నాయి. పక్కన పొయ్యి మీద పెద్ద బాన ఉడుకుతోంది. పండగ వంట చేస్తున్నారనుకున్నాను. దొడ్డి వైపు చూస్తే దొరసాని ఒక్కతే ఉంది.

"రేగి యాడ?" అంది సుంకి.

కంబగిరి తల దించుకున్నాడు. మద్దిలేటే చెప్పాడు, ఏ తడబాటూ లేకుండా. "దాని పాలు అయిపోయినాయి పాపా. ఇంగ దానికి మేత దండగ గదా."

తర్వాత సుంకిని కమ్మి కింద నడవమన్నాడు. నడిచింది. కమ్మికి బెత్తెడు కింద దాని తల. నేను పెద్దగా పట్టించుకోలేదు. కమ్మితో ఇంక మాకేం పని?

"నడిచింది గదన్నా. నీళ్ళియ్యి," అన్నాను.

"దేనికి?"

"మాటిచ్చినావు. మిట్ట పిల్ల ఏటిమేతకి పెరిగితే మిట్ట పిల్లలకి కమ్మి ఎత్తేస్తానన్నావు."

"అన్నా. కాదన్లే. మిట్ట పిల్ల అంటే రేగి. అది పెరిగిందా ఓబులమ్మా? నువ్వే కొలిచినావు, చెప్పు."

నా రెండు వేళ్ళ వైపు చూసుకున్నాను.

"మూడేండ్లు తినింది. పెరగలే. ఎందుకు పెరగలేదో నువ్వే వచ్చి చెప్తివి. తల్లి మిట్టమీద మేసిందంటివి. మరి నీ బిడ్డ కడుపులో ఉన్నప్పుడు నువ్వు యాడ మేసినావు?"

గొంతులో కోపం కూడా లేదు. గింజలు పంచేటప్పుడు మాట్లాడే గొంతు. నేను తిరగేసి తిరగేసి రాసుకున్న లెక్కనే పూస గుచ్చినట్టు నాకు అప్పజెప్పాడు.

"పెరిగింది దొరసాని. యాడ పుట్టింది? ఈడ. ఏటివైపు చూలు మోసి, ఏటివైపు ఈనిన పిల్ల. అట్లాంటి పిల్లలకి కమ్మి లేదు, ఎత్తేసినా. మాట మాటే. సుంకిని ఇప్పుడు కూచోబెట్టి మేపితే అది ఇంకో రేగి. నీళ్ళోసుకుని రానీ, అప్పుడిస్తా నీళ్ళు. కని, పాలిచ్చి, బిడ్డని ఈడ ఇచ్చి పోతాది. దాని బిడ్డ చక్రాలు తిప్పుతాది, రెండు మూరల దొరసాని మాదిరి."

"బిడ్డని ఇచ్చి పోవాలా?"

"మిట్టమీదికి తీస్కపోతే మళ్ళీ మొదటికొస్తాది గదమ్మే. ఇదీ నువ్వు చెప్పిందే."

నేను అరిచాను. తిట్టాను. మట్టి తీసి మొహాన కొట్టాను. తుడుచుకున్నాడు. నేను అలిసిపోయేదాకా ఆగి, అప్పుడు రెండో మాట చెప్పాడు. ఇకమీదట మిట్టనుంచి చూలాళ్ళు వస్తారు. ఎవరి కడుపు ఎంత నెల, ఎవరు మొయ్యగలరు, ఎవరి పాలు ఎన్నాళ్ళు అని కొలిచి చెప్పే మనిషి కావాలి. దుప్పులని చూసిన కన్ను కావాలి. ఆ మనిషి ఏటివైపే ఉంటుంది, కమ్మితో పని లేదు. పుట్టిన పిల్లలు ఆ మనిషి చేతుల్లోనే పెరుగుతారు.

"నీ మనవరాల్ని ఎవరో పెంచేదానికంటే నువ్వు పెంచుకోకూడదా?" అన్నాడు.

వాడికి నా తాడు ఎక్కడ ముడి పడి ఉందో తెలుసు.

సుంకి వైపు చూశాను. నేల మీద కూర్చుని బాన వైపు చూస్తోంది. "పోమా," అంది. "నువ్వు పోకుంటే ఇంకెవర్నో పెడ్తారు. వాళ్ళకి నా బిడ్డ ఎవరు?" మోకాలి మీద చెయ్యి వేసుకుని లేచింది. "నువ్వు గెల్చినావు గదా."

అది అన్నది నిజమేనని నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పటికీ చెప్పుకుంటున్నాను. పీట మీద కూర్చుని నీళ్ళు తాగాను. చాలా తియ్యగా ఉన్నాయి. తియ్యగా ఉండకూడదని అనుకుంటూనే గ్లాసు ఖాళీ చేశాను.

తొంభై ఆరో ఏడు, స్వాతి కార్తె

ఇక్కడ నన్ను కొలతమ్మ అంటారు. మిట్టమీద ఏమంటారో నాకు చెప్పేవాళ్ళు లేరు.

పోయిన కార్తెలో ఏడుగురు వచ్చారు. ముగ్గురిని వెనక్కి పంపాను. ఒకామె నెలలు మించింది, బిడ్డ కడుపులోనే గట్టున మేసేసింది. ఇద్దరికి నడుం అప్పుడే వంగిపోయింది, మొయ్యలేరు. వాళ్ళలో ఒకామె నా కాళ్ళ మీద పడింది. మా పక్క గుడిసె ఈదమ్మ కూతురు. చిన్నప్పుడు సుంకితో కలిసి వల ముళ్ళు విప్పేది. కంబగిరితో చెప్పి పంపించేశాను. ఒక్కరికి కనికరం చూపిస్తే రేపు పుట్టే బిడ్డ కమ్మికి బెత్తెడు కిందే ఆగిపోతుంది. ఆ మాట మద్దిలేటి అనలేదు, నేనే అన్నాను. అంటూ ఉంటే నా గొంతు గింజలు పంచేవాడి గొంతులా వినబడింది.

ఈ రోజు సుంకి వచ్చింది. మిట్టమీదే రంగడు అనే వల పనివాడిని చేసుకుందట. రెండో నెల. మోకాళ్ళు ఎడంగా పెట్టి నడుస్తోంది. కమ్మి కింద నడుస్తుంటే నేను చూడలేక తాడు ముడి విప్పుతున్నట్టు తల వంచుకున్నాను.

"కడుపు చూపియ్యాలా, కొలతమ్మా?" అంది.

అమా అనలేదు. కంబగిరి పీట వేశాడు, నేను నీళ్ళిచ్చాను. కూర్చుని తాగింది. కడుపులో బిడ్డ కోసం తాగుతున్నట్టు ఒక్క చుక్క వదలకుండా తాగింది.

తొంభై ఎనిమిదో ఏడు, రోహిణి కార్తె

సుంకి పాలు తగ్గాయి. చెప్పాల్సింది నేనే, నా పని అదే. ఇంకో కార్తె పాటు దాచిపెట్టి చూశాను. మద్దిలేటి మనుషులు పసిగట్టారు.

ఏడాదిన్నర పైగా ఒకే గదిలో ఉన్నాం. గరిక మెత్తదనం, ఏటినీళ్ళు, కడుపునిండా తిండి. దానికి ఒళ్ళొచ్చింది, మొహం నున్నబడింది. మోకాళ్ళు తిరిగి రాలేదు. నాతో మాట్లాడింది తక్కువ. బిడ్డతో మాత్రం పగలంతా మాట్లాడేది. రేగి కథ చెప్పేది. పొద కింద దొరికింది, మెడ గోకితే కళ్ళు మూసుకునేది, దొరసానిని కన్నది. అక్కడ ఆపేసేది. తర్వాత ఏమైందో చెప్పేది కాదు.

బిడ్డ పేరు ఏరమ్మ. ఏడాది నిండింది. ఈ ఉదయం గోడకి నిలబెట్టి కొలిచాను. ఈ ఈడుకి మిట్టమీద నేను చూసిన ఏ పిల్లా ఇంత లేదు. సుంకి చూసింది.

"తగుల్తాదా?" అంది.

"కమ్మి దీని మెడ దగ్గరికొస్తాది," అన్నాను.

తల ఊపింది. ఆ కాసేపు దాని మొహంలో వెలుగు ఉంది. నేను చూశాను, అబద్ధం రాయడం లేదు. బిడ్డ నుదుట ముద్దు పెట్టి నా చంకలో పెట్టింది. ఏరమ్మకి అర్థం కాలేదు. అమ్మ మళ్ళీ వస్తుందనుకుని చెయ్యి ఊపింది.

పోతున్న మనిషిని ఊరికే పంపకూడదు. గ్లాసు నిండా ఏటినీళ్ళు ముంచి గుమ్మం దాకా పరిగెత్తాను. అప్పటికే సుంకి కమ్మి కిందికి చేరింది. నడుం కాస్త వంగింది కాబోలు, ఇప్పుడు బెత్తెడు కాదు, రెండు బెత్తెల దూరం ఉంది.

"సుంకీ, కాసేపు కూచో మే. ఈ నీళ్ళు తాగి పో."

వెనక్కి తిరిగింది. ఒకసారి కమ్మి వైపు తలెత్తి చూసింది. నాలుగేళ్ళకి అమా అన్న పిలుపు మళ్ళీ విన్నాను.

"తల తగల్లే గదమా. నీళ్ళెందుకు?"

అని వెళ్ళిపోయింది. కంబగిరి గుమ్మం మూశాడు. చంకలో ఏరమ్మ గ్లాసు కోసం చెయ్యి చాపింది, దాహమేసిందేమో. దానికి తాగించాను.